చదువు కాకముందే తెరిచిన దవాఖాన

నేను అనాటమీలో తప్పిన వారంలోనే మిర్యాలగూడలో నా దవాఖాన తెరిచారు. తెరిచినవాళ్ళకు నేను తప్పిన సంగతి తెలియదు, తప్పినవాడికి వాళ్ళు తెరిచిన సంగతి తెలియదు. రెండు వార్తలూ ఎదురెదురుగా బయలుదేరి సూర్యాపేట బస్టాండులో కలుసుకున్నాయి. ఆ కలయికకు నేనొక్కణ్ణే సాక్షిని.

హైదరాబాదులో వైద్యం చదవడానికి సీటు వచ్చినప్పుడు నా సంబరం ఇంతా అంతా కాదు. శవాల కోత బల్ల దగ్గర మొదటిసారి నిలబడ్డ రోజున భయం కన్నా ఉత్సాహమే ఎక్కువ. ఈ చర్మం కింద ఇంత పెద్ద ఊరుందా, ఇన్ని వీధులా, ఇన్ని మలుపులా అని రెండు పూటలూ అదే ముచ్చట చెప్పి మెస్సులో నా పక్కన ఎవరూ కూర్చోకుండా చేసుకున్నాను. ఆ ఉత్సాహం ఏ రోజున పోయిందో చెప్పమంటే చెప్పలేను. జేబులోంచి జారిన చేతిరుమాలు లాంటిది అది. వెతుక్కున్నప్పుడే లేదని తెలిసింది.

ఇప్పటి పిల్లలు దాన్ని బర్నౌట్ అంటున్నారు. మా రోజుల్లో దానికి పేరు లేదు గనుక జబ్బు కూడా లేనట్టే. కాలిపోవడం అనే మాట కూడా నాకు సరిపడదు. కాలితే వెలుగైనా వస్తుంది. నాది తడిసిన అగ్గిపుల్ల వ్యవహారం. గీస్తే గీత పడేది, నిప్పు పడేది కాదు. పేజీ చదివితే కళ్ళు చివరి వాక్యం దాకా వెళ్ళి వచ్చేవి, నేను మాత్రం మొదటి వాక్యం దగ్గరే నిలబడి ఉండేవాణ్ణి. ఎంత పడుకున్నా అలసటతోనే లేచేవాణ్ణి. అన్నం ముందు కూర్చుంటే శవాలను నిలవ ఉంచే ఫార్మలిన్ వాసన. స్నేహితులు జోకు వేస్తే అది జోకు అని అర్థమయ్యేది గాని నవ్వు వచ్చేది కాదు.

కారణాలు ఇప్పుడైతే బాగానే కనిపిస్తున్నాయి. తెలుగులో చదువుకుని వచ్చినవాడికి ఒక్క నరం పేరు చెప్పాలంటే ఇంగ్లీషు మెట్టు ఎక్కి, ఆపైన లాటిన్ అటక ఎక్కాలి. వారానికొక పరీక్ష, ఆదివారం కూడా పుస్తకమే. ఎదుటి గదిలో చదివే అతని దీపం ఆరితే గాని నా దీపం ఆర్పకూడదని ఒక పట్టుదల. అతను ఎప్పటికీ ఆర్పడు. సెలవుల్లో ఊరికి వెళితే ఇంకా మొదటి పరీక్ష కూడా గట్టెక్కనివాడి ముందు ఊరంతా చెయ్యి చాపి "జర నాడి సూడు డాక్టర్ సాబ్" అనేది. ఎవరైనా "బాగున్నవా" అని అడిగితే "బాగున్న" అనేవాణ్ణి. వైద్యం చదివేవాడికి బాగాలేకపోవడం, వంటవాడు ఆకలితో ఉండడం లాంటిది కదా, చెప్పుకుంటే నామోషీ.

ఇక మౌఖిక పరీక్షలో నన్ను అడిగింది బ్రాకియల్ ప్లెక్సస్ గురించి. మెడలోంచి బయలుదేరి, భుజం దగ్గర కలిసి, విడిపోయి, మళ్ళీ కలిసి చేతిలోకి దిగే నరాల అల్లిక అది. వంద సార్లు చదివాను. ఆ పూట నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. పరీక్షాధికారి కొంతసేపు ఓపికగా చూసి "నెక్స్ట్" అన్నారు. ఫలితాల పలక మీద నా నంబరు లేకపోయేసరికి నాకు బాధ కూడా కలగలేదు. హమ్మయ్య, ఇక చదవక్కర్లేదు అనిపించింది. సప్లిమెంటరీ పరీక్ష ఉంది గాని, రాసేది లేదని తేల్చుకున్నాను. ఇంటికి వెళ్ళి, ఈ చదువు నావల్ల కాదని తాతకు చెప్పి, మిల్లులో నాన్న పక్కన కూర్చుని వడ్ల తేమ చూసుకుంటాను. అంతే.

ట్రంకు పెట్టె, ఎముకల సంచి తీసుకుని బస్సెక్కాను. ఆ రోజుల్లో మెడికల్ విద్యార్థి ప్రతివాడి దగ్గరా సీనియర్ల నుంచి సంక్రమించిన సగం అస్థిపంజరం ఒకటి ఉండేది. తిరిగి వెళ్ళననుకున్నవాడు ఎముకలెందుకు తెచ్చుకున్నాడని మీరు అడగవచ్చు. నేను కూడా దారి పొడవునా నన్ను నేను అదే అడిగాను. కండక్టరు సంచిని కాలితో తట్టి "ఏందిది?" అన్నాడు.

"సదువు" అన్నాను.

"జర పక్కకు జరుపు నీ సదువును. అందరి కాళ్ళకు తగుల్తున్నది."

కాళ్ళకు తగులుతున్నవీ కాళ్ళేనని అతనికి చెప్పలేదు.

సూర్యాపేటలో దిగి మిర్యాలగూడ బస్సు మారాలి. బస్సు ఆగగానే కిటికీ దగ్గరికి ఒక పెద్దమనిషి వచ్చాడు. నాన్నతో ధాన్యం వ్యాపారం చేసే ఆయన, వరసకు మామ.

"అల్లుడూ, ముబారక్."

"ఎందుకు మామా?"

"ఎందుకేంది? మొన్న నీ దవాఖాన తెరిసిండ్రు గద. నేను గూడ వోయిన. పరమాన్నం మస్తుగుండె. ఒక్క నువ్వే లేవు."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఆలోపు ఆయన చల్లగా మిగతాది చెప్పాడు. బజారులో మా తాత మడిగె, అంటే దుకాణపు గది, ఒకటి ఖాళీ అయింది. మూఢం వస్తోంది, అది వస్తే మంచి రోజులుండవు. ఖాళీ మడిగెకు తాళం పెట్టి ఉంచడం మా వర్తకుల ఇళ్ళలో అచ్చిరాదంటారు. ఎట్లాగూ మనవడు డాక్టరయ్యేవాడే గనుక, మంచి రోజు ఉండగానే దవాఖాన ముహూర్తం చేసేశారు. నేను రావడం తర్వాతి విషయం. ముహూర్తం ఆగదు, నేనైతే ఆగుతాను.

ఆ మాటలు విన్నాక నా కాళ్ళు దిగనన్నాయి. సంచిలో కాళ్ళు సరే, నా కాళ్ళు కూడా. బస్సు కదిలింది. నేను కదల్లేదు. అట్లా సూర్యాపేట దాటి, కోదాడలో తేలాను. అక్కడ మా అక్క అత్తగారిల్లు.

బావ గుమ్మంలోనే పట్టుకున్నాడు. కోదాడ మాట అప్పటికే ఆంధ్రా వైపు మొగ్గుతుంది గదా. "ఏం బావమరిదీ, మిర్యాలగూడ ఇటు కాదే?"

"నిద్రపట్టింది బావా."

"సూర్యాపేట బస్టాండు గోలలో నిద్రపట్టిందా? అయితే ఆ మందేదో మాక్కూడా రాసివ్వు."

అక్క మాత్రం నవ్వలేదు. నా ముఖం చూసి, కంచం పెట్టి, నేను తినకుండా కెలుకుతుంటే చూసి, బావ బయటికి వెళ్ళాక అడిగింది. చెప్పేశాను. తప్పాననీ, పరీక్ష మళ్ళీ రాయననీ, ఆ పుస్తకం ముట్టుకుంటేనే ఒళ్ళంతా బరువెక్కుతోందనీ. చెబుతుంటే తేలికగా ఉంటుందనుకున్నాను గాని, సిగ్గుగా అనిపించింది.

"నాకు చెప్తె ఏమైతదిరా" అంది అక్క. "మడిగె తెరిసింది తాత. తాతకు చెప్పు. నేనైతే చెప్ప. నేను చెప్తె అది నీ మాట గాదు, నా మాటయితది."

మర్నాడే నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కించింది. నేను మళ్ళీ ఎక్కడ నిద్రపోతానోనని పక్కనే కూర్చుంది.

అది సాగర్ ఎడమ కాలువ నీళ్ళు కొత్తగా మా వైపు వచ్చిన కాలం. ఊరు ఊరంతా పెళ్ళివారి ఇల్లులా ఉండేది. నిన్నటి దాకా జొన్న చేలున్న చోట నారు మళ్ళు. వేములపల్లి రోడ్డు వెంట ఎటు చూసినా పచ్చటి నీళ్ళు, పచ్చటి పైరు, పచ్చి సిమెంటు. కొత్త మిల్లుల గొట్టాలు లేస్తున్నాయి. లారీల వెనక లారీలు. ప్రతి మనిషీ ఎక్కడికో ఆలస్యమైపోయినట్టు నడుస్తున్నాడు. ఆ హడావిడిలో తీరుబడి ఉన్నది నాకొక్కడికే.

బోర్డు దూరం నుంచే కనబడింది. ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. ముందు డాక్టర్, తర్వాత నా పేరు, ఆ తర్వాత ఎం.బి.బి.ఎస్. బోర్డు మీద నాలుగు అక్షరాలూ ఎండిపోయి ఉన్నాయి. నాకు మొదటి అక్షరమే ఇంకా పచ్చి.

ఇంటి గడప దగ్గర నానమ్మ నా సంచిని ఆపింది.

"అండ్ల ఏమున్నయిరా?"

"బొక్కలు నానమ్మా" అంది అక్క.

"ఎవరియి?"

"ఎవరియో" అన్నాను.

"ఎవరియో తెల్వకుంటనే ఇంట్లకు తెస్తవా? ఊరు తెల్వది, పేరు తెల్వది. మడిగెల పెట్టు. ముట్టుకున్నవంటె తానం చేసినంకనే గడప తొక్కాలె, చెప్తున్న."

మా ఇంట్లో ఆస్తి పంపకం మాట ఎన్నడూ రాలేదు గాని, అస్థి పంపకం మాత్రం ఆ పూటే జరిగింది. ఇల్లు మావాళ్ళకు, మడిగె ఎముకలకు. ఎముకలను ముట్టినప్పుడల్లా స్నానమంటే మాటలా? అందుకని పగలంతా నేను కూడా ఎముకల వాటాలోకే వెళ్ళిపోయాను.

మడిగెను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వాళ్ళకు దుకాణం తెరవడం ఒక్కటే తెలుసు, దవాఖాన అయినా సరే. తెల్లటి గద్దె, ఆనుకోవడానికి దిండు, గోడకు లక్ష్మీదేవి పటం, గుమ్మానికి మామిడాకులు. పనిముట్టుకు పూజ చెయ్యాలి గనుక, సూర్యాపేట నుంచి జ్వరం గొట్టం ఒకటి తెప్పించి కుంకుమ బొట్టు పెట్టారు. ఆ బొట్టు సరిగ్గా అంకెల మీద పడింది. ఆ గొట్టంలో చూస్తే ఊళ్ళో ఎవరికీ జ్వరం లేదు.

మర్నాడు పొద్దున తాత మడిగె తలుపులు తీసి నీళ్ళు చల్లుతుంటే, ధైర్యం కూడగట్టుకుని వెళ్ళాను. "తాతా, నీకొక మాట చెప్పాలె."

"బోణీ కానియ్యి. బోణీ ముంగట ఏ ముచ్చట వద్దు."

బోణీ అంటే మా ఇంట్లో మామూలు విషయం కాదు. పొద్దున మొదట గడప ఎక్కినవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదు. కోటి చెప్పినా తాత దగ్గర దీనికి మినహాయింపు లేదు. అందుకని, నేను లేని రోజుల్లో దవాఖానకు వచ్చినవాళ్ళ చేతిలో ఇంత పటికబెల్లం ముక్క పెట్టి, "డాక్టర్ సదువుతున్నడు. నొప్పికి సర్కారు దవాఖానకు పో. ఇది మాత్రం నోట్లేసుకో" అని పంపేవాడట. వాళ్ళలో ఇద్దరు మళ్ళీ వచ్చి గుణమిచ్చిందని చెప్పారట కూడా.

ఆ పూట మొదట వచ్చింది వేములపల్లి నుంచి ఒక అవ్వ. వంగి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, గద్దె అంచున కూలబడింది. తాత నావైపు చూశాడు.

"నేను మందియ్యొద్దు తాతా. నేను డాక్టర్ను గాను."

"మందెవరియ్యమన్నరు? మాటియ్యి. మాటిచ్చినా బోణే."

ఏం మాట ఇవ్వాలి? ముందు అవ్వకు సర్కారు దవాఖానలో చూపించుకొమ్మని చెప్పాను. అది బోణీ కింద చెల్లలేదు. తాత ఇంకా నావైపే చూస్తున్నాడు. విధి లేక సంచి విప్పి, తొడ ఎముక, పిక్క ఎముక తీసి ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, "సూడవ్వా, నీ మోకాలు గిట్లుంటది" అన్నాను. నడుమ మెత్త ఉంటుందని, వయసు మీద పడితే అది అరుగుతుందని, ముందు ఈ చిప్ప అడ్డం ఉంటుందని చెబుతూ చిప్ప ఆమె అరచేతిలో పెట్టాను.

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. రెండో చేత్తో తన మోకాలి చిప్పను జరిపి చూసుకుంది. అది కదిలింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"నాది గూడ గింత నున్నగుంటదా?"

"కొద్దిగ గరుకుంటదేమో అవ్వా."

"ఉండదా మరి. ఇది కూసున్నోళ్ళది. నాది నాట్లేసింది."

నేను నవ్వాను. నవ్వినట్టు కొంతసేపటికి గాని తెలియలేదు. నెలల తర్వాత బయటికి వచ్చిన నవ్వు, దారి మర్చిపోయి ముక్కులోంచి వచ్చింది.

ఆ తర్వాత బజారుకు మరొక పనే లేకుండా పోయింది. బోణీకి ఒక్కరు వస్తే చూడటానికి పదిమంది. మోతె నుంచి ధాన్యం బళ్ళతో వచ్చినవాళ్ళు, దామరచర్ల వైపు తండాల ఆడవాళ్ళు, పక్క దుకాణాల సేట్లు. నేను వాళ్ళకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి గదా. లాటిన్ అటక దిగి, ఇంగ్లీషు మెట్టు దిగి, నేల మీద నిలబడి చెప్పడం. ఒకసారి మోచేతి ఎముక చూపించి, ఇక్కడ నరం పైకే ఉంటుంది, తట్టి చూడండి, చిటికెన వేలు జిల్లుమంటుంది అన్నాను. చెప్పడం నాదే తప్పు. సాయంత్రం దాకా మిర్యాలగూడ బజారులో మనుషులు మోచేతులు తట్టుకుంటూ, ఒకరినొకరు తట్టుకుంటూ, "నాకొచ్చింది" "నాకు రాలే" "ఇంకొంచెం లోపటికి కొట్టు" అంటూ తిరిగారు. కిరాణా సేటు ఒకాయన తూకం వేస్తూ తట్టుకుని పప్పంతా ఒలకబోశాడు.

ఇవన్నీ ఉత్సాహంగానే ఉన్నాయి గాని, పుస్తకం మాత్రం నేను ముట్టలేదు. అది సంచి అడుగున పడి ఉంది. చెప్పేదంతా పాత జ్ఞాపకం మీదే. తాతకు చెప్పాల్సిన మాట కూడా అట్లాగే ఉండిపోయింది. పొద్దున బోణీ అడ్డం, మధ్యాహ్నం ఆయన నిద్ర అడ్డం, సాయంత్రం దీపం పెట్టే వేళ అలాంటి మాట అనకూడదు. సప్లిమెంటరీ తేదీ దగ్గర పడుతోంది. అక్క కోదాడ వెళ్ళిపోతూ "చెప్పినవా?" అని ఒక్క మాటే అడిగి, నా ముఖంలో జవాబు చూసుకుని బస్సెక్కింది.

అప్పుడు వచ్చాడు మా మిల్లు హమాలీల మేస్త్రీ. భుజాలు తలుపులంత ఉండే మనిషి. పొద్దున్నే మొదటగా గడప ఎక్కి, కుడి చెయ్యి విదుల్చుకుంటూ నిలబడ్డాడు. వెనక అతని జట్టు.

"చిన్నసేటూ, నాకొక్కటి సమజైతలేదు. నేను బస్తా ఏసుకునేది ఈడ." మెడ పక్కన భుజం చూపించాడు. "తిమ్మిరెక్కేది ఆడ, వేళ్ళ కొసలకు. బస్తాకు, వేళ్ళకు నడుమ ఏమున్నది?"

అది బ్రాకియల్ ప్లెక్సస్. ఏ ప్రశ్నకు నోరు పడిపోయి ఊరు చేరానో, ఆ ప్రశ్నే చుట్ట వెలిగించుకుని మడిగెలోకి నడిచి వచ్చింది. పరీక్షాధికారి ఇంగ్లీషులో అడిగారు, ఇతను తెలుగులో అడిగాడు. అంతే తేడా.

సర్కారు దవాఖానకు వెళ్ళమనీ, ఆలోపు ఆ భుజానికి బస్తా మానమనీ చెప్పాను. "పోత సేటూ" అన్నాడతను, కదలకుండా. అతనికి కావలసింది ప్రశ్నకు జవాబు. తాత గద్దె మీద కూర్చుని వేచి ఉన్నాడు, బోణీ కోసం. ఇక్కడ "నెక్స్ట్" అనేవాళ్ళెవరూ లేరు.

మేస్త్రీ నడుముకు బస్తాలు కుట్టే సుతిలి చుట్ట వేలాడుతోంది. దాన్ని చూసి ఎందుకో అన్నాను, "ఆ సుతిలి ఇయ్యి. జట్టుల ఐదుగురు ఒక్క వరసల నిలబడుండ్రి."

నిలబడ్డారు, బజారులో, ఎండలో. ఒక్కొక్కరి చేతికి ఒక తాడు కొస. మీరు మెడలోంచి వచ్చే ఐదు వేర్లు అన్నాను. వాళ్ళు బుద్ధిగా వేర్లయ్యారు. మొదటి ఇద్దరి తాళ్ళు కలిపి ముడివేశాను. చివరి ఇద్దరివి కలిపాను. నడిమివాడిది ఒంటరి. మూడు మోకులయ్యాయి. "బస్తా పడేది గీ మొదటి మోకు మీద" అన్నాను. మేస్త్రీ తల ఊపాడు. సుతిలి రెండు పేటలు గదా, ఒక్కొక్క మోకును పురి విప్పి రెండుగా చీల్చాను. ముందు మూడు, వెనక మూడు. వెనక మూడూ కలిసి ఒకే వెనక మోకయ్యాయి. ముందువాటిలో పై రెండూ కలిసి పక్క మోకయ్యాయి, కింది ఒక్కటి కింది మోకుగా అలాగే సాగింది. నా వేళ్ళు నా కన్నా ముందు నడుస్తున్నాయి. కాలువలోంచి పిల్ల కాలువలు చీలినట్టు, మళ్ళీ కలిసినట్టు, నీళ్ళు పారుతున్నట్టే ఉంది. జనం మూగారు. వెనక మోకులోంచి రెండు, ఒకటి భుజానికి, ఒకటి మణికట్టును పైకెత్తేదానికి. పక్క మోకులోంచి ఒకటి జబ్బ కండకు. కింది మోకులోంచి ఒకటి, మొన్న మీరంతా తట్టుకున్న మోచేతి నరం, చిటికెన వేలికి.

నాలుగయ్యాయి. ఐదు కావాలి. నా చేతిలో రెండు కొసలు మిగిలాయి, పక్క మోకుది ఒకటి, కింది మోకుది ఒకటి.

"గివి రెండు ఎటువోతయి సేటూ?" అన్నాడు మేస్త్రీ.

తెలియదు. నిజంగా గుర్తు లేదు. కాని ఈసారి నోరు పడిపోలేదు. దురద పుట్టింది, అంత పాడు దురద జన్మలో ఎరగను. ఈ రెండు కొసలూ ఎటు పోతాయో తెలియకపోతే అన్నం సయించదు. కొసలు మేస్త్రీ చేతిలో పెట్టి, లోపలికి పరిగెత్తి, ఎముకలన్నీ గద్దె మీద బోర్లించి, సంచి అడుగున ఉన్న పుస్తకం తీశాను. పేజీ దొరికింది. రెండు కొసలూ వేరు వేరుగా ఎక్కడికీ పోవు. చంకలో ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి కలిసిపోతాయి. కలిసి ఒకే నరమై అరచేతి నడిమికి, అక్కణ్ణుంచి వేళ్ళ కొసలకు దిగుతాయి. ఎంత అందం! వంద సార్లు చదివిన పేజీయే. ఒక్కసారి కూడా ఇది అందమని తోచలేదు. అరచేతి నడిమికి వెళ్ళి ఏం చేస్తుందో చూద్దామని పేజీ తిప్పాను. బొటనవేలి దగ్గర కండలు. ఆ కండలెట్లా కదులుతాయో చూద్దామని ఇంకోటి తిప్పాను.

"సేటూ" అని బయటి నుంచి గొంతు. "మేము ఇడిసిపెట్టొచ్చునా, ఇంక నిలబడాల్నా?"

ఐదు వేర్లూ ఎండలో చెమటలు కక్కుతూ అలాగే తాళ్ళు పట్టుకుని ఉన్నాయి. జనమంతా నా కోసం చూస్తున్నారు. నేను పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి ఆ రెండు కొసలూ ముడివేశాను.

"కలుస్తయి" అన్నాను. "రెండూ కలుస్తయి."

"అట్ల సెప్పు మరి" అన్నాడు మేస్త్రీ, ఎన్నాళ్ళుగానో తనకు రావలసినదేదో వచ్చినట్టు. తాత ఆ రోజు అందరికీ పటికబెల్లం పంచాడు.

మధ్యాహ్నం తాత నిద్రపోలేదు. గద్దె మీద చెల్లాచెదరైన ఎముకలను చూస్తూ కూర్చున్నాడు. వాటిని ముట్టడు, నన్ను తియ్యమనీ అనడు.

"నాకేందో చెప్తనంటివి గద. బోణీ అయింది. చెప్పు."

"తప్పిన తాతా. మల్ల రాయొద్దనుకున్న. ఇగ పోనని చెప్దామనుకున్న."

తాత వెనక దిండు సర్దుకున్నాడు. నేను గోడ మీది లక్ష్మీదేవిని చూస్తున్నాను, ఆవిడైనా ఏమైనా అంటుందేమోనని.

"పోకు మరి" అన్నాడు.

"మరి మడిగె?"

"మడిగెకేమయింది? బియ్యం బస్తాలేసుకుంటం. బోర్డు చెరిపించనీకి ఎంతసేపు? మూఢమొస్తదని తెరిసిన, నిన్ను కట్టెయ్యనీకి గాదు."

"ఊరోళ్ళు అడిగితె?"

"పటికబెల్లం పెడ్త."

ఏడాదిన్నరగా నా మెడకూ భుజానికీ మధ్య ఎవరో పెట్టిన బస్తా ఉందనుకున్నాను. అది ఎవరూ పెట్టలేదేమో, నేనే ఎత్తుకుని దించడం మర్చిపోయానేమో. చెప్పొద్దూ, ఆ మాటతో నా వేళ్ళ కొసల దాకా రక్తం పారింది. వెళ్ళక్కర్లేదని తెలిసిన క్షణంలోనే నాకు వెళ్ళాలనిపించింది. ఎందుకంటే కాలికి వెళ్ళే నరాల సంగతి కూడా ఒకటుంది, దాన్ని సుతిలితో ఎట్లా కట్టాలో అప్పటికే ఆలోచిస్తున్నాను.

"ఒక్కసారి రాసి సూస్త తాతా. తప్పితె బియ్యం ఏసుకుందాం."

"సరే. బియ్యానికి గూడ ఒక మంచిరోజు అడిగి పెడ్త, ఎందుకైనా మంచిది."

బయలుదేరే పూట సంచి భుజాన వేసుకుని మడిగె గడప దిగుతుంటే, బజారు అవతలి నుంచి నానమ్మ నడిచి వచ్చింది, చేతిలో నీళ్ళ చెంబుతో, నిండుగా బొట్టు పెట్టుకుని. ముత్తైదువ ఎదురు రావడం మంచి శకునం. ఎముకల సంచికి ఎదురు రావడం మా వంశంలో ఆమె ఒక్కతే చేసి ఉంటుంది. సంచికి రెండడుగుల దూరంలో ఆగి, "పేరు తెల్వకున్నా మంచోళ్ళే ఉన్నట్టున్నరు" అని, నాకు మాత్రమే దగ్గరికి వచ్చి నెత్తిన చెయ్యి పెట్టింది. అయినా నా బస్సు కదలగానే ఇంటికి వెళ్ళి స్నానం చేసే ఉంటుందని నా అనుమానం.

హాస్టల్లో నా తీరు మారింది. ఆదివారం పుస్తకం ముట్టలేదు. నిద్ర వస్తే దీపం ఆర్పాను. మొదటిసారి ఆర్పిన కాసేపటికి ఎదుటి గది దీపం కూడా ఆరింది. మర్నాడు అతను పళ్ళు తోముకుంటూ సిగ్గుగా చెప్పాడు, నా దీపం ఆరితే ఆర్పుదామని ఏడాదిగా కాచుకుని కూర్చున్నాడట. ఇద్దరం ఒకరి వెలుగులో ఒకరం చీకటైపోయాం. ఆ రోజు నుంచి సుతిలి కొసలు ఒకవైపు అతను, ఒకవైపు నేను పట్టుకున్నాం.

ఆ సప్లిమెంటరీలో పాసయ్యాను. మౌఖిక పరీక్షలో కూర్చున్నది మళ్ళీ ఆ పరీక్షాధికారే. నన్ను గుర్తుపట్టి కాబోలు, మళ్ళీ ఆ ప్రశ్నే అడిగారు. నాకు ఐదు వేర్లు కాదు, ఎండలో నిలబడ్డ ఐదుగురు మనుషులు కనబడ్డారు. మొదటివాడి చెవిలో బీడీ, ఐదోవాడి తలకు ఎర్ర తువ్వాలు. నేను ఇంగ్లీషులో చెబుతూనే ఉన్నాను గాని, చేతులు మాత్రం బల్ల మీద లేని సుతిలిని కలుపుతూ, విప్పుతూ, ముడివేస్తూ పోతున్నాయి. చివరి రెండు కొసలూ కలిపేసరికి ఆయన కళ్ళజోడు తీశారు.

"ఇట్లా ఎక్కడ నేర్చుకున్నావు?"

"మిర్యాలగూడలో సర్."

"మిర్యాలగూడలో ఏముందయ్యా?"

"దవాఖాన ఉంది సర్. తెరిచారు. డాక్టరే ఇంకా రాలేదు."